ఎనభై తొమ్మిది రోజుల లెక్క

ధర్మపురి అనగానే చాలామంది తెలుగువాళ్ళకు గోదావరి ఒడ్డున నరసింహస్వామి గుడి గుర్తొస్తుంది. ఇది ఆ ధర్మపురి కాదు. సేలానికీ కృష్ణగిరికీ నడుమ, ఒకప్పుడు తగడూరు అని పిలిచిన తమిళనాటి ధర్మపురి. 1965లో సేలం నుంచి విడిపడి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలు దీన్నుంచి వేరై ఇంకో జిల్లాగా ఏర్పడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడు జిల్లాలన్నిటిలోకీ అక్షరాస్యత తక్కువగా, 68.5 శాతంగా తేలింది ఇక్కడే.

అట్లాంటి చోట డిగ్రీ ముగించిన అమ్మాయి "కలెక్టర్ పరీక్ష రాస్తాను" అంటే ఇంట్లో రెండు పక్షాలు బయల్దేరతాయి. ఆ రెండు పక్షాలనూ ఇక్కడ ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి తహసీల్దారుగా రిటైరైన మేనమామ. ఇంకొకరు తమిళ మీడియంలో పన్నెండో తరగతి దాకా చదివి, ఆర్ట్స్ కాలేజీలో గణితం బీఎస్సీ పూర్తిచేసిన మేనకోడలు. మనుషులు నేను కల్పించినవాళ్ళు, వాళ్ళు చెప్పే లెక్కలు మాత్రం నిజమైనవి. నెల జూలై.

మేనకోడలు: ఇదిగో మామా, చార్టు. పొద్దున నాలుగున్నరకు లేస్తాను. ఏడు దాకా పేపరు, కరెంట్ అఫైర్స్. ఏడున్నర నుంచి పాలిటీ, పదిన్నర నుంచి చరిత్ర, మధ్యాహ్నం ఎకానమీ, సాయంత్రం భూగోళం, రాత్రి సైన్సు. మొత్తం రోజుకు 14 గంటలు. ఏప్రిల్ ఆఖరుకు సిలబస్ అయిపోతుంది. మేలో మాక్ టెస్టులు. ప్రిలిమ్స్ అయ్యాక ఆప్షనల్, మెయిన్స్ పట్టుకుంటాను.

మామ: శ్రద్ధగా గీశావు. ఇందులో చదవడం కనిపిస్తోంది. రాయడం ఎక్కడుంది తల్లీ?

మేనకోడలు: ప్రిలిమ్స్‌లో రాసేదేముంది? గళ్ళు నింపడమే కదా. రాత పని మెయిన్స్‌కు.

మామ: 2025 యూపీఎస్సీ క్యాలెండర్ తీసి చూడు. ప్రిలిమ్స్ మే 25న, మెయిన్స్ మొదలు ఆగస్టు 22న. నడుమ 89 రోజులు. ప్రిలిమ్స్ ఫలితం కోసం ఎదురు చూస్తూ మనసు కుదరని రోజులు అందులోంచి తీసెయ్యి. మిగిలిన వాటిలో ఆప్షనల్ రెండు పేపర్లు, ఎథిక్స్, వ్యాసం, పైగా చేతికి రాత అలవాటు చేయడం, ఇదంతా జరగాలంటున్నావు. మొదటి మూడు జనరల్ స్టడీస్ (జీఎస్) పేపర్లలో దేన్నయినా తీసుకో. 250 మార్కులు, 3 గంటలు, 20 ప్రశ్నలు. పదింటికి 150 పదాల చొప్పున, పదింటికి 250 పదాల చొప్పున రాయాలి. కలిపితే 4,000 పదాలు. ఒక్కో ప్రశ్నకు నీకు దొరికేది 9 నిమిషాలు. ప్రశ్న చదవడం, ఏం చెప్పాలో తేల్చుకోవడం, రాయడం అన్నీ ఆ తొమ్మిదిలోనే. పొద్దున ఒక పేపరు, మధ్యాహ్నం ఇంకో పేపరు. రోజుకు 8,000 పదాలు రాసిన చెయ్యి ఇంతవరకూ నీకుందా?

మేనకోడలు: లేదు. గణితంలో మాటలు తక్కువ.

మామ: అందుకే చార్టు వెనక నుంచి గీయమంటున్నాను. ర్యాంకు లెక్కలోకి వచ్చే మార్కులు 2,025. అందులో ఇంటర్వ్యూకు 275. మిగతా 1,750 రాతవే: జీఎస్ నాలుగు పేపర్లకు 1,000, ఆప్షనల్‌కు 500, వ్యాసానికి 250. ప్రిలిమ్స్ మార్కు ఒక్కటి కూడా అందులో కలవదు. కలవని మార్కుల కోసం పది నెలలు, కలిసే మార్కుల కోసం మూడు నెలలు కేటాయించావు.

మేనకోడలు: ఆ మాట ప్రిలిమ్స్ దాటినవాళ్ళకు బాగుంటుంది మామా. 2024 పరీక్షకు 9,92,599 మంది దరఖాస్తు పెట్టారు. హాలుకు వచ్చింది 5,83,213 మంది. మెయిన్స్‌కు పిలిచింది 14,627 మందిని. నలభై మందిలో ఒక్కరు. మిగతా 39 మంది మెయిన్స్‌కు ఎంత బాగా తయారైనా వాళ్ళ నోట్స్ ఇంట్లోనే ఉండిపోయింది. మీరు వెనక నుంచి గీయమంటున్నారు. ముందు తలుపే తెరుచుకోకపోతే వెనక గదులు ఎంత సర్దుకుని ఏం లాభం?

మామ: లెక్క సరిగానే చెప్పావు. దాన్ని చివరిదాకా చెప్పు. ఆ 14,627 మందిలో ఎంపికైంది 1,009 మంది. వాళ్ళను వడగట్టింది రాతే. ప్రిలిమ్స్ వదిలెయ్యమని నేననలేదు. పాలిటీ, ఎకానమీ, చరిత్ర రెండిటికీ ఒకటే. ఒక అధ్యాయం చదివిన రోజే దాని మీద ఒక పాత మెయిన్స్ ప్రశ్నకు జవాబు రాస్తే, ఆ విషయం ప్రిలిమ్స్‌లో నాలుగు ఆప్షన్ల మధ్య నిన్ను తికమక పెట్టదు. ఒక ప్రశ్నకు 2 మార్కులు, తప్పయితే అందులో మూడో వంతు కోత. సగం తెలిసి గుర్తుపెట్టేవాళ్ళే అక్కడ మునుగుతారు. డిసెంబరు దాకా ఆప్షనల్‌నూ జీఎస్‌నూ రాస్తూ చదువు. జనవరి నుంచి ప్రిలిమ్స్ పద్ధతిలోకి మారు. నేను చెప్పే మార్పు అంతే.

మేనకోడలు: మరి ప్రిలిమ్స్ రెండో పేపరు, సీశాట్? గణితం నాకు భయం లేదు. ఇంగ్లీషు పాసేజీలు ఉన్నాయి చూశారా, అవి నన్ను ఆపేస్తాయి. మెయిన్స్ తమిళంలో రాయొచ్చు గానీ ప్రిలిమ్స్ ప్రశ్నాపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఇస్తారు. మెయిన్స్ ప్రశ్నలు కూడా అంతే. 200కు 66 వస్తే చాలని అందరూ తేలిగ్గా చెబుతారు. ఆ 66 రాకపోతే మొదటి పేపరు దిద్దినా ప్రయోజనం లేదు.

మామ: ఇక్కడ నీ మాటే నిలబడుతుంది. ఈ వారమే మూడు పాత సీశాట్ పేపర్లు గడియారం పెట్టుకుని చెయ్యి, పరీక్ష జరిగే వేళకే, మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా. మూడిట్లోనూ 90 దాటితే ఫిబ్రవరి దాకా దాని జోలికి పోవద్దు. దాటకపోతే రోజూ రెండు పాసేజీలు, పండగ రోజైనా సరే. చార్టులో ఇది గంటల లెక్కగా రాయకు, పాసేజీల లెక్కగా రాయి. గంట కూర్చున్నావా అని అడిగితే ఎవరైనా కూర్చున్నామనే చెబుతారు. రెండు చేశావా అంటే కాగితం చూపించాలి.

(ఈ మాట దగ్గర నేను మామ పక్షాన ఉన్నాను. నాలుగింటికి లేచే టైంటేబుళ్ళు చదివేవాళ్ళను కష్టపడుతున్నామన్న తృప్తితో నింపుతాయి. సాయంత్రానికి ఏం చేతికొచ్చిందో చెప్పవు. 2017 పరీక్షలో దేశంలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న దురిశెట్టి అనుదీప్, అటు గోదావరి ధర్మపురి ఉన్న జగిత్యాల జిల్లాలోనే మెట్‌పల్లివాడు. ఆయనకు వచ్చింది 2,025కు 1,126 మార్కులు, అంటే 56 శాతం లోపే. దేశంలో మొదటివాడికే అంత వస్తే, సిలబస్ నూటికి నూరు పాళ్ళు ముగించాలన్న పట్టుదలతో గీసిన చార్టు ఎవరి కోసమో ఆలోచించాలి.)

మామ: ఇప్పుడు ఆప్షనల్ సంగతి. తెలుగు సాహిత్యం తీసుకో. మీ తాత బీరువాలో కావ్యాలు, ప్రబంధాలు అన్నీ ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా కుర్రాడు రోణంకి గోపాలకృష్ణ 2016 పరీక్షలో మూడో ర్యాంకు తెచ్చుకున్నాడు, తెలుగులో రాసి, తెలుగు సాహిత్యమే ఆప్షనల్‌గా పెట్టుకుని. బడిపంతులుగా పనిచేస్తూ రాశాడు. మన భాషలో రాసి గెలిచిన మనిషి కళ్ళెదుట ఉంటే నువ్వెందుకు వెనకాడాలి?

మేనకోడలు: ఆయన తెలుగులో చదువుకున్నారు, తెలుగులో పాఠాలు చెప్పారు. నేను తెలుగులో మాట్లాడతాను, అంతే. నాయనమ్మకు పెళ్ళి శుభలేఖలు చదివిపెడతాను. రాయమంటే వత్తుల దగ్గర చెయ్యి ఆగుతుంది. ఏది ఎక్కడ పెట్టాలో ఒక క్షణం తడుముకుంటాను. ఇందాక మీరే అన్నారు, ప్రశ్నకు 9 నిమిషాలని. ఆ తడుముకోవడానికి అందులో చోటెక్కడిది? సాహిత్యం ఆప్షనల్ తీసుకుంటే జవాబులు ఆ భాషలోనే రాయాలి. 500 మార్కులు నా ప్రేమ మీద పందెం కాయలేను మామా.

మామ: ప్రేమ ఉంటే అక్షరం వస్తుంది. ఏడాది ఉంది కదా.

మేనకోడలు: ఆ ఏడాదిలో వేరే పనులున్నాయని మీరే చెబుతున్నారు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. నేను బడికి వెళ్ళేసరికి తమిళం తప్పనిసరి. మీరు హోసూరు దగ్గర తెలుగు బడిలో చదివారు, నాకు ఆ అవకాశం లేదు. దానికి ఎవరిని తప్పుపట్టినా ఈ పరీక్ష తేదీ మారదు. అర్హత పేపరు ఒకటుంది కదా, భారతీయ భాషది, 300కు 75 వస్తే చాలు. దానికి తమిళమే పెట్టుకుంటాను. జీఎస్ కూడా తమిళంలోనే రాస్తాను. ఆప్షనల్ గణితం. మూడేళ్ళు చదివింది అదే.

మామ: గణితంలో ఒక మెట్టు తప్పితే లెక్క మొత్తం పోతుంది. సాహిత్యంలో ఏదో ఒకటి రాస్తే కొన్ని మార్కులు పడతాయి.

మేనకోడలు: గణితంలో తప్పు చేస్తే తప్పని నాకే తెలుస్తుంది. సాహిత్యంలో నేను రాసింది మంచిదో కాదో ధర్మపురిలో ఎవరు చెబుతారు? కోచింగ్ కావాలంటే హైదరాబాదు పోవాలి. తాత బీరువా ఎక్కడికీ పోదు. పరీక్ష అయ్యాక మీరే నాకు చదివి చెప్పండి.

(తెలుగు మీద మమకారంతో ఈ వ్యాసం రాస్తున్న నాకు కూడా ఇక్కడ అమ్మాయి మాటే సరైనదనిపిస్తుంది. పొరుగు రాష్ట్రాల తెలుగు ఇళ్ళల్లో పెద్దలు తమకు దక్కిన బడిని పిల్లలకు కూడా దక్కినట్టే ఊహించుకుంటారు. ఇంటి భాషను నిలబెట్టుకోవాల్సిందే. ఆ బరువును ఒక ఆడపిల్ల 500 మార్కుల మీద మాత్రం పెట్టకూడదు.)

మామ: సరే, గణితమే కానీ. ఇంకో మాట. మన రాష్ట్ర సర్వీస్ కమిషన్ టీఎన్‌పీఎస్సీ పరీక్ష కూడా రాయాలి నువ్వు. నేను గ్రూప్ 4 రాసి చేరినవాణ్ణి. 1929లో మద్రాసు సర్వీస్ కమిషన్ పెట్టినప్పుడు దేశంలో మరే రాష్ట్రానికీ అట్లాంటిది లేదు. ఆ దారిలో వచ్చి ఎన్ని కుటుంబాలు నిలదొక్కుకున్నాయో నా కళ్ళతో చూశాను.

మేనకోడలు: గ్రూప్ 4 వద్దు. అందులో సగం ప్రశ్నలు తమిళానివి. నాకు తమిళం వచ్చు గనక భయం లేదు. ఆ పరీక్షకు పట్టే నెలలే నా దగ్గర లేవు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టి మునిగినవాళ్ళు మా క్లాసులోనే ఉన్నారు.

మామ: ఖాళీగా ఇంట్లో కూర్చున్న మూడో ఏడు మనిషిని ఏం చేస్తుందో నీకు తెలియదు. అనుదీప్ ఐదో ప్రయత్నంలో గెలిచాడని చెబుతారు. ఆ నడుమ ఆయన రెవెన్యూ సర్వీసులో ఉద్యోగం చేస్తున్నాడని ఎవరూ చెప్పరు. నెల జీతం ఉన్నవాడికి ఫెయిలైన రోజు వేరు, లేనివాడికి వేరు.

మేనకోడలు: అయితే గ్రూప్ 1 రాస్తాను. దాని జీఎస్‌కూ నాదానికీ పోలికలు ఎక్కువ. అదనంగా చదవాల్సింది తమిళనాడు చరిత్ర, ఉద్యమాలు, ఇక్కడి పాలన. అవి ఎట్లాగూ తెలుసుకోవాల్సినవే. ఖర్చుకు రాష్ట్ర ప్రభుత్వ పథకం 'నాన్ ముదల్వన్' పరీక్ష రాస్తాను. ఎంపికైన వెయ్యి మందికి నెలకు 7,500 చొప్పున పది నెలలు ఇస్తున్నారు. ప్రిలిమ్స్ దాటితే ఇంకో 25,000. ఢిల్లీ మాట ఎత్తను. ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో స్టడీ సర్కిల్ ఉంది, జిల్లా లైబ్రరీ ఉంది.

మామ: ఆ మాట విని సంతోషంగా ఉంది. ఇక చార్టులో లేని గడి ఒకటి అడుగుతాను. ఎప్పుడు ఆపుతావు?

మేనకోడలు: ఇంకా మొదలే పెట్టలేదు కదా!

మామ: మొదలుపెట్టక ముందే రాసుకోవాలి. తర్వాత రాయలేవు. ఓబీసీకి 35 ఏళ్ళ దాకా తొమ్మిది ప్రయత్నాలు. ఆ తొమ్మిది అనే అంకె నాకు భయం. ఒక్కో ఏడూ "రెండు మార్కుల్లో పోయింది" అనుకుంటూ ముప్పై దాటిన పిల్లల్ని కలెక్టరాఫీసుకు సర్టిఫికెట్ల కోసం వచ్చినప్పుడు చూశాను. తెలివిలేనివాళ్ళు కారు వాళ్ళు. మూడు ప్రయత్నాలు, అంతే అని రాయి.

మేనకోడలు: రాస్తాను. అయితే ఆ మూడూ నాకు పూర్తిగా దక్కాలి. మగపిల్లాడు చదువుతుంటే వాడి గది తలుపు వేసి పెడతారు. నేను చదువుతుంటే ప్రతి నెలా ఒక సంబంధం వస్తుంది, ఫోటో తీయించుకోమంటారు, చీర కట్టుకుని కాఫీ ఇమ్మంటారు. ఒక్కో సంబంధం నాకు వారం తినేస్తుంది. వచ్చినవాళ్ళు పోయినా వాళ్ళు అన్న మాటలు పోవు. మీ చార్టులో 9 నిమిషాల లెక్క ఉంది, ఈ వారాల లెక్క లేదు. మూడు ప్రయత్నాలు అయ్యేదాకా పెళ్ళి మాట ఎత్తనని అమ్మ ఒప్పుకోవాలి. ఒప్పించాల్సింది మీరు.

మామ: మూడు ప్రయత్నాలంటే దాదాపు మూడేళ్ళు. అక్క ఒప్పుకోవడం కష్టం.

మేనకోడలు: 14 గంటల చార్టును మీరు పది నిమిషాల్లో చింపేశారు. ఇదీ అంతే కష్టం. నా పని నేను చేస్తాను, మీ పని మీరు చేయండి.

మామ: చేస్తాను. ఎథిక్స్ పేపరు ఎప్పుడు పెట్టుకున్నావు?

మేనకోడలు: ఆఖరి నెల. అది ఇంగితజ్ఞానం కదా మామా, చదివేదేముంది? నిజాయితీ, నిష్పాక్షికత, నాలుగు నిర్వచనాలు.

మామ: దానికీ 250 మార్కులే. అందులో 120 మార్కులు కేస్ స్టడీలకు. మార్కుల మాట అట్లా ఉంచు. నువ్వు పుస్తకంలో రైతువారీ అని రెండు వాక్యాలు చదివి ఉంటావు. 1792లో ఈ ప్రాంతం, అప్పటి బారామహల్, ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక అలెగ్జాండర్ రీడ్ కింద థామస్ మన్రో ఏడేళ్ళు పనిచేసింది ఇక్కడే. ఒక్కో రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే పద్ధతిని రీడ్, మన్రో ఈ పొలాల్లో పట్టాలెక్కించారు. తర్వాత మన్రో దాన్ని దత్తమండలాలకు తీసుకుపోయాడు. పిల్లలకు ఆయన పేరు పెట్టుకునేంతగా రాయలసీమ ఆయన్ను తలచుకుంది. అధికారి ఊళ్ళోకి వచ్చి ఏం చేశాడన్నది వందేళ్ళు మిగులుతుంది. ఇదే జిల్లాలో రెండో రకం కూడా మిగిలింది. వాచాత్తి గురించి ఏం తెలుసు నీకు?

మేనకోడలు: అరూర్ తాలూకాలో కదా. గంధపు చెక్కల కేసు.

మామ: గంధపు చెక్కలు వెతకడానికి వచ్చామన్నది వాళ్ళు చెప్పిన కారణం. 1992 జూన్ 20న అటవీ శాఖ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది కలిసి సిత్తేరి కొండల కింద ఉన్న ఆ గిరిజనుల ఊరి మీద పడ్డారు. ఇళ్ళు కూలగొట్టారు, మనుషుల్ని కొట్టారు, 18 మంది ఆడవాళ్ళ మీద అత్యాచారం చేశారు. ఆడవాళ్ళను, పిల్లలను కూడా జైలుకు పంపారు. నిందితులు 269 మంది, అందరూ ప్రభుత్వ ఉద్యోగులే. 2011లో ఇక్కడ ధర్మపురి కోర్టు తీర్పు చెప్పేసరికి 54 మంది చనిపోయారు. బతికున్న 215 మందికీ శిక్ష పడింది. అందులో అఖిల భారత సర్వీసు, అదే అటవీ సర్వీసు అధికారులు కూడా ఉన్నారు. మా రెవెన్యూ శాఖవాళ్ళు ఉన్నారు. 2023 సెప్టెంబరు 29న మద్రాసు హైకోర్టు ఆ శిక్షల్ని ఖాయం చేసింది. అప్పటి కలెక్టరు, ఎస్పీ, జిల్లా అటవీ అధికారి మీద కూడా చర్య తీసుకోమంది. 31 ఏళ్ళు పట్టింది. నువ్వు కూర్చోవాలనుకుంటున్న కుర్చీ గురించి కోర్టు చెప్పిన మాట అది. దీన్ని ఆఖరి నెలకు తోసేస్తావా?

మేనకోడలు: ఈ వివరాలు నాకు తెలియవు. బడిలో ఎవరూ చెప్పలేదు.

మామ: హైకోర్టు తీర్పు తెచ్చుకుని చదువు. చదివాక ఒక జవాబు రాయి. 1992 జూన్ 21 పొద్దున నువ్వు ధర్మపురి కలెక్టరువి. నిన్న జరిగిందేమిటో నీకు అరకొరగా తెలిసింది. నీ కింది సిబ్బంది కూడా అందులో ఉన్నారు. ఏం చేస్తావు? 250 పదాలు.

మేనకోడలు: ముందు నేనే ఊరికి వెళ్తాను. ఆడవాళ్ళకు వైద్య పరీక్ష చేయిస్తాను, ఆడ డాక్టర్లతో. జైలుకు పంపినవాళ్ళ పేర్లు తెప్పిస్తాను... కాదు మామా, వైద్య పరీక్ష ముందా, జైల్లో ఉన్నవాళ్ళు ముందా? ఆ ఆడవాళ్ళే జైల్లో ఉంటే?

మామ: అదే తేల్చుకో. నేను దిద్దను, అడుగుతూ పోతాను. రెవెన్యూ సిబ్బందిని సస్పెండ్ చేసే అధికారం నీకు ఎంతవరకు ఉంది? అటవీ శాఖవాళ్ళు నీ మాట వినకపోతే ఎవరికి రాస్తావు? రాసింది ఎక్కడ నమోదవుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానం పాలిటీలో ఉంది, చట్టాల్లో ఉంది. వారానికి ఇట్లాంటిది ఒకటి రాస్తే నీ జీఎస్ రెండో పేపరు కూడా అందులోనే కదులుతుంది.

మేనకోడలు: ఆదివారానికి రాసి తెస్తాను. తమిళంలోనే. సీశాట్ పేపర్లు మూడూ శుక్రవారం లోపల చేస్తాను. కొత్త చార్టు మాత్రం ఆ మూడూ చేశాకే గీస్తాను, ఎన్ని మార్కులు వస్తాయో చూసి.

మామ: మంచిది.

మేనకోడలు: అమ్మ వంటింట్లో ఉంది. మీరు ఇప్పుడే మాట్లాడాలి. కృష్ణగిరి నుంచి వచ్చే ఆదివారం వాళ్ళెవరో వస్తామన్నారట.